చివరి స్టాపులో పది నిమిషాలు

ఒక ఈల ఊదితే బిగించాలి. రెండు ఊదితే వదిలెయ్యాలి. మా డిపోలో ఆడ కండక్టర్లందరికీ ఈ విద్య నేర్పింది ఈలక్క. టికెట్లు టికెట్లు అని అరిచి అరిచి ఆవిడ గొంతు ఎప్పుడో పోయింది. ఏ పనైనా ఈలతోనే నడిపిస్తుంది, అందుకే ఆ పేరు. ఫోన్లో ఏదో వీడియో చూసిందట. నవ్వినా, తుమ్మినా, బస్సు గతుకులో పడినా బట్టలు తడిసే ఆడవాళ్ళు కింది కండరాలు బిగించి వదులుతూ ఉంటే బాగుపడుతుందని అందులో చెప్పారట.

"మనకి వేరే టైమెక్కడిది వదినా? స్టాపు రాగానే ఎలాగూ ఈల కొడతాం. బస్సు ఆగినంతసేపు బిగించు, బయల్దేరగానే వదిలెయ్. చూసేవాళ్ళకి టికెట్లు కొడుతున్నట్టే ఉంటుంది" అంది.

ఇంకేముంది, ఆ వేసవి మొదట్లో ఊళ్ళో ఏ స్టాపులో చూసినా ఖాకీ చొక్కా వేసుకున్న ఒక ఆడమనిషి ఊపిరి బిగబట్టి, మొహం సీరియస్‌గా పెట్టి నిలబడి ఉండేది. ప్రయాణికులు మాకు ఉద్యోగం మీద శ్రద్ధ పెరిగిందనుకుని ఉంటారు. ఈలక్కకి అది భలే పని చేసింది. నెల తిరక్కుండానే తుమ్మొస్తే భయం లేదు వదినా అంటూ తిరిగింది.

నాకు వికటించింది. నాది మొండిఘటం. అందరూ స్టాపులో బిగిస్తే నేను స్టాపుకీ స్టాపుకీ మధ్య కూడా బిగించేదాన్ని. కారడం తగ్గకపోగా నొప్పి మొదలైంది. కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి. వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే ఓ పట్టాన రాదు. అసలే మా రూటులో చివరి స్టాపంటే నాలుగు స్తంభాల మీద ఒక రేకు, దాని వెనక ఒక ప్రహరీ గోడ. మగవాళ్ళకి ప్రతి గోడా ఒక సౌకర్యమే. మేం మాత్రం పొద్దున డ్యూటీ ఎక్కింది మొదలు మధ్యాహ్నం డిపోకి చేరేదాకా నీళ్ళ సీసా మూత తియ్యకుండా తిరిగేవాళ్ళం. గొంతు తడుపుకోవడానికి ఒక గుక్క, అంతే. కొత్తగా చేరిన పిల్లలకి టికెట్ మిషన్ కంటే ముందు మేం నేర్పేది అదే.

నొప్పి డ్యూటీలో ఆగలేదు, ఇంటికి వచ్చింది. రాత్రి మా ఆయన చెయ్యి మీద పడితే చాలు, ఒళ్ళంతా కర్రలా అయిపోయేది. గదిలో ఉక్కగా ఉందని వంక పెట్టి అత్తయ్య పక్కన హాల్లో చాప వేసుకున్నాను. మొదట్లో ఆయన ఫ్యాన్ బాగు చేయించారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. మా ఆయన అదే డిపోలో డ్రైవరు, యూనియన్ సెక్రటరీ. మైకు లేకుండా డిపో మొత్తానికి వినపడే గొంతు. ఇంట్లో మాత్రం ఆ వేసవిలో ఉప్పుందా, పాలొచ్చాయా తప్ప వేరే మాట లేదు.

ఆడడాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇన్ఫెక్షన్ లేదు, గడ్డా లేదు, ఫిజియోథెరపీకి వెళ్ళమంది. మోకాళ్ళకీ నడుముకీ చేసేవాళ్ళ దగ్గరికి నన్నెందుకు పంపుతోందో అర్థం కాలేదు. విరిగిన చక్రాల కుర్చీలు పేర్చిన వరండా చివర ఉంది ఆ గది. లోపల ఒక మంచం, ఒక తెర, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకున్న ఒక చిన్నపిల్ల. చిన్నపిల్లేమిటి, పాతికేళ్ళు దాటే ఉంటాయి, నాకు అలా అనిపించింది.

"ఏం ఇబ్బందమ్మా?"

"నడుము నొప్పి."

ఆ అమ్మాయి డాక్టరు చీటీ చూసింది. "ఇందులో నడుమని లేదే."

"దాని కింద."

"దాని కింద చాలా ఉన్నాయమ్మా. మీకు చెప్పడం కష్టంగా ఉంటే నేనే ఒక్కోటీ అడుగుతాను, అవునో కాదో చెప్పండి."

అడిగింది. మూత్రం ఆగుతుందా, ఆగదా. విరోచనానికి ముక్కాల్సి వస్తుందా. నెలసరి సంగతేంటి. భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటుందా, ఉంటే మొదట్లోనా, లోపలా. నేను రోజూ ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు అని అడుగుతానే, అచ్చం ఆ గొంతుతో అడిగింది. నాకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి తెర లాగి, "వేలితో చూస్తానమ్మా, మీరు సరేనంటేనే. మధ్యలో వద్దనిపిస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను" అంది.

మంచం మీద పడుకున్నాక బిగించమంది. అది నాకు కొట్టిన పిండి. బిగించాను.

"ఇప్పుడు వదలండి."

"వదిలాను."

"వదల్లేదమ్మా."

"వదిలానంటున్నాగా."

"మీరు వదిలాననే అనుకుంటున్నారు. ఈ కండరాలు వదలడం మర్చిపోయాయి." తెర అవతలికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, నా ముందు పిడికిలి మూసింది. "మూత్రసంచీని, గర్భసంచీని కింద నుంచి మోసే కండరాలుంటాయి. కొందరికి అవి నీరసించి కారుతుంది. వాళ్ళు బిగించడం నేర్చుకోవాలి. మీకు పొద్దస్తమానం ఇలా మూసుకునే ఉన్నాయి. మూసిన పిడికిలిని ఇంకా బిగించమంటే అదేం పని చేస్తుంది? నొప్పి పుడుతుంది, అలిసిపోతుంది, అప్పుడూ కారుతుంది."

ఈలక్క విద్య సంగతి చెప్పాను. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేకపోయింది పాపం. నేనూ నవ్వాను. నవ్వితే మళ్ళీ తడిసింది.

"ఆవిడకి సరిపోయి ఉంటుంది. మీకు మాత్రం సరిగ్గా అదే పనికిరాదు" అని, మోకాళ్ళ కింద దిండు పెట్టి, పొట్ట లేచేలా ఊపిరి తీసుకోవడం, దాంతోపాటు కింద మెత్తబడనివ్వడం నేర్పింది. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. ఆ రోజు నావల్ల కాలేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా నాకు తెలియకుండానే కింద గట్టిగా పట్టుకుంటున్నాను.

"నీళ్ళు బాగా తాగాలి. మూడు గంటలకోసారి వెళ్ళాలి. తొందర పడకుండా కూర్చుని వెళ్ళాలి. డ్యూటీలో ఎక్కడికి వెళ్తారమ్మా?"

"వెళ్ళను."

"పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకానా?"

"చోటు లేదు. ఉన్నా బస్సు ఆగదు."

ఆ అమ్మాయి దిండు తీసి పక్కన పెట్టింది. "అయితే ఇక్కడ ఎంత వదిలించినా బస్సులో మళ్ళీ బిగుసుకుంటుంది. వెళ్ళడానికి చోటన్నా ఉండాలి, లేదంటే ఆ పనన్నా మానాలి. ఇలా చెప్పడం బాగోదు, కానీ మిమ్మల్ని ఊరికే తిప్పుకోలేను." తలుపు దాకా వచ్చి, "ఇంట్లో ఆయనకి తెలుసా?" అంది. తల అడ్డంగా ఊపాను. "చెప్పండి. ఇది ఒక్కరే మోసే జబ్బు కాదు" అంది.

పని మానడమట. మానేసి ఏం చెయ్యాలి? పదిమంది మగవాళ్ళు నుంచున్న లైన్లో నిలబడి, తోపుళ్ళు తిని తెచ్చుకున్న ఉద్యోగం అది. నిండు బస్సులో ఒంటి చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో టికెట్టు కొట్టి, చిల్లర కోసం తగువు పడేవాడి నోరు మూయించి, పడిపోబోయే ముసలమ్మని మోచేత్తో ఆపగలను. ఆ బస్సులో నేను ఎవరి కోడల్నీ కాదు, ఎవరి పెళ్ళాన్నీ కాదు. దాన్ని వదులుకోవడమంటే నాకు ప్రాణం పోయినంత పని.

అదే సమయంలో డిపోలో సమ్మె మాట మొదలైంది. ఆడవాళ్ళమంతా విశ్రాంతి గదిలో కూర్చుని ఒక్కటే అడగాలనుకున్నాం. చివరి స్టాపుల్లో తలుపూ నీళ్ళూ ఉన్న ఒక మరుగుదొడ్డి, ప్రతి ట్రిప్పుకీ అక్కడ పది నిమిషాల ఆగుదల. అడగందే అమ్మయినా పెట్టదు కదా. "అన్నతో నువ్వే చెప్పాలి వదినా. మేం చెబితే ఆయన చెవులు ఎర్రబడి పారిపోతాడు" అంది ఈలక్క.

ఆ సాయంత్రం ఆయన హాల్లో కూర్చుని డిమాండ్లు పైకి చదువుకుంటున్నారు. జీతాలు, డబుల్ డ్యూటీలు, పాత బస్సులు. చివర్లో 'మహిళా సిబ్బందికి ఇతర సౌకర్యాలు' అని చదివారు.

"ఇతర సౌకర్యాలంటే?" అన్నాను కూర తరుగుతూ.

"అదే. మీరు చెప్పినవి."

"మేం చెప్పినదానికి పేరుంది."

"పెద్దవాళ్ళు చదివే కాగితం. బాగోదు."

"బాగోకపోతే మరి వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఇతర సౌకర్యాలంటే అద్దం పెడతారు, దువ్వెన పెడతారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. చర్చ నచ్చనప్పుడు ఆయన అలాగే చేస్తారు. అప్పుడే చెప్పెయ్యాలనిపించింది. కత్తి పక్కన పెట్టాను. ఫిజియో దగ్గరికి వెళ్ళింది చెప్పాను. కారుతోందని చెప్పాను. ఈ ఉద్యోగం ఇలాగే ఉంటే నయం కాదందని చెప్పాను. "నేను గదిలోకి రానిది ఉక్కపోతకి కాదు. నొప్పికి" అని కూడా చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం వంకాయల వైపు చూశాను.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మాయ్."

"ఇప్పుడు పడేదీ కాళ్ళ మీదే అత్తయ్యా" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ఏమైనా అడుగుతారేమో అని చూశాను. ఎన్నాళ్ళ నుంచి, ఎలా ఉంటుంది, ఏదో ఒకటి. "సరే" అన్నారు. "ఆ పది నిమిషాలూ నేను వదలను. నువ్వు మాత్రం ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు." లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆయన మాట ఇచ్చారన్న ధైర్యం ఒకవైపు, ఆ చెప్పుల చప్పుడు ఒకవైపు. ఆ రోజు కూర ఉడికీ ఉడకకుండా దించేశాను.

సమ్మె మొదలైంది. డిపో గేటు ముందు టెంటు వేశారు. జీతం లేదు, ఎండ మాడ్చేస్తోంది, రేపేమవుతుందో తెలియదు. చిత్రమేమిటంటే ఆ రోజుల్లోనే నా ఒళ్ళు తేరుకుంది. డ్యూటీ లేదు కదా. దాహమేస్తే నీళ్ళు తాగుతున్నాను. వెళ్ళాలనిపిస్తే టెంటులోంచి లేచి డిపోలోకి వెళ్తున్నాను. మనిషి బతకడానికి ఇంత చిన్న సంగతి చాలునని నాకు అప్పటిదాకా తెలియదు. పొద్దున్నే చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని ఊపిరి సాధన చేసేదాన్ని. ఒక పొద్దున ఊపిరి తీసుకుంటుంటే కింద ఏదో మెత్తగా జారినట్టయింది. భయమేసి లేచి కూర్చున్నాను. తడవలేదు. అప్పుడర్థమైంది, వదలడమంటే అదని.

అత్తయ్య రోజూ చూసేది. కాఫీ గ్లాసు పట్టుకుని, గోడకి ఆనుకుని. నేను లేచి కూర్చున్న ఆ రోజు గ్లాసు కింద పెట్టింది.

"నాకూ చూపించు."

"మీకెందుకత్తయ్యా?"

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ ఆయన పుట్టినప్పటి నుంచి కింద ఏదో జారినట్టు ఉంటుంది. సాయంత్రానికి చేతికి తగులుతుంది. లోపలికి తోసి పడుకుంటా."

నలభై ఏళ్ళ పైమాట. ఆ ఇంట్లో పదిమందికి వండింది, నీళ్ళు మోసింది, ఇప్పుడు బయటి ఊళ్ళో చదువుకుంటున్న మా పిల్లల పురుళ్ళు పోసింది. నేనూ ఆవిడా ఎన్ని మాటలనుకున్నామో, ఎన్ని తగువులు పడ్డామో లెక్కలేదు. ఈ ఒక్క మాట మాత్రం మా ఇద్దరి మధ్యకి రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను, మాకు అలాంటి అలవాటు లేదు. చాప మీద పక్కకి జరిగాను. ఇద్దరం పక్కపక్కన పడుకుని పొట్టల మీద చేతులు పెట్టుకున్నాం. "ఊపిరి తీసుకోవడానికి కూడా పాఠాలా" అని సణుగుతూనే చేసింది. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్తే, ఊపిరి ఒక్కటే చాలదని, జారినదాన్ని ఆపడానికి లోపల పెట్టుకునే రింగు ఉంటుందని, ముందు డాక్టరు చూడాలని ఆ అమ్మాయి చెప్పింది. తిరిగొస్తూ ఇంటి మలుపు దగ్గర అత్తయ్య, "రింగుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే" అని మాత్రం అంది. అడిగి ఉంటే చెప్పేవాళ్ళే కదా అత్తయ్యా అని నోటిదాకా వచ్చింది. నేను మాత్రం ఎప్పుడు అడిగానని ఊరుకున్నాను.

చర్చలకి మగవాళ్ళే వెళ్ళారు. ఈలక్కని కూడా తీసుకెళ్ళమని మేం గొడవ చేస్తే, ఈసారికి వద్దు, అక్కడ వాతావరణం వేరుగా ఉంటుంది అన్నారు. సాయంత్రానికి సమ్మె ముగిసిందని కబురొచ్చింది. జీతాలు పెరిగాయి. డబుల్ డ్యూటీలు తగ్గించారు. ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని గేటు దాకా ఊరేగించారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టకూడదు, ఆ మనిషి నెల రోజులుగా నిద్రపోలేదు.

ఇంటికొచ్చి మెళ్ళో దండ తీసి కుర్చీకి తగిలించారు. అన్నం పెడుతూ అడిగాను. "పది నిమిషాలు?"

ఆయన కలుపుతున్న చెయ్యి ఆగింది. "పరిశీలిస్తామన్నారు."

"అంటే?"

"అంటే లేదు."

"వదలనన్నారుగా."

"హెడ్డాఫీసు నుంచొచ్చిన ఆయన అడిగాడు, ఆ పది నిమిషాలు దేనికని. అందరూ నావైపే చూశారు." నీళ్ళు తాగారు. "నోరు రాలేదు."

"ఏ మాటకి నోరు రాలేదు?"

"అదే."

"ఆ మాటేదో చెప్పండి. మనింట్లోనే ఉన్నాం. అత్తయ్యా నేనే ఉన్నాం."

చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఊరంతటికీ వినపడే గొంతు, నా దగ్గరికొచ్చేసరికి మూగబోయింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మా ఆయన విషయంలో ఆ సామెతని తిరగేసుకోవాలి. నాకొచ్చిన కోపానికి కంచాలు పగలాల్సింది. కడిగి బోర్లించాను. లోపల మళ్ళీ పిడికిలి మూసుకుంటున్నట్టు స్పష్టంగా తెలిసింది. ఆ రింగు కోసం అత్తయ్య నలభై ఏళ్ళు ఆగింది, నేను ఆగదలచుకోలేదు.

డ్యూటీలో చేరిన రోజు సీసా నిండా నీళ్ళు తెచ్చుకున్నాను, దార్లోనే ఖాళీ చేశాను. చివరి స్టాపులో తిరుగు ప్రయాణానికి బస్సు నిండింది. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి నా ఈల కోసం చూస్తున్నాడు. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి బస్సులోకి తిరిగాను.

"అయ్యా, అమ్మా. నేను ఒంటేలుకి వెళ్ళి రావాలి. ఇక్కడ దొడ్డి లేదు, వెనక వీధిలో ఆస్పత్రి దాకా నడవాలి. వచ్చేదాకా బస్సు కదలదు."

ఒకడెవడో ముసిముసిగా నవ్వాడు. ఇంకొకాయన ఆఫీసుకి లేటవుతుంది, ఇదేం పద్ధతన్నాడు. "మీ ఆఫీసులో ఉందా దొడ్డి?" అన్నాను. ఉందన్నాడు. "నాకూ ఇదే ఆఫీసండీ" అని దిగాను. ముందు సీట్లోంచి ఒక పెద్దావిడ మూట పక్కవాళ్ళకి అప్పజెప్పి, "ఉండమ్మాయ్, నేనూ వస్తా, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నా" అంటూ నా వెనకే దిగింది.

మర్నాడు ఈలక్క తన రూటులో అదే పని చేసింది. గొంతు లేదు కదా, పొడుగాటి ఈల ఊది, అందరూ తిరిగి చూశాక వేలు పైకెత్తి చూపించి దిగిందట. వారం తిరిగేసరికి డిపోలో సగం బస్సులు చివరి స్టాపుల్లో ఆగుతున్నాయి. నన్ను విచారణకి పిలిచారు, మొదలుపెట్టింది నేనే కాబట్టి. సస్పెన్షన్ తప్పదని, ఆ పైన ఉద్యోగమే పోవచ్చని గుసగుసలు. తోడుగా యూనియన్ తరఫున ఒకరు రావచ్చు. సెక్రటరీయే రావాలి.

పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, "మీరు రాకపోయినా పర్లేదు, నేను చెప్పుకోగలను" అన్నాను. వస్తానన్నారు. అత్తయ్య గుమ్మం దాకా వచ్చి కొడుకు కాలరు సరిచేసి, "నోరు తెరువు" అంది. అంతే అంది.

ఆ గదిలో డిపో మేనేజరు, హెడ్డాఫీసాయన, మూల టైపు చేసే కుర్రాడు. మమ్మల్ని కూర్చోమన్నారు.

"డ్యూటీలో ఉండగా బస్సు ఆపి ప్రయాణికుల్ని ఇబ్బంది పెట్టారు. కారణం ఏంటి?" అన్నాడు హెడ్డాఫీసాయన.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన లేచి నిలబడ్డారు. "కారణం నేను చెప్తానండి." కళ్ళజోడు మీదకి చెయ్యి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. "ఒంటేలండి."

మేనేజరు బల్ల మీద పేపరు వెయిటు జరిపాడు.

"ఆ రోజు మీరడిగారు, పది నిమిషాలు దేనికని. నేను చెప్పలేదు. దానికేనండి. పొద్దున్నుంచి బిగబట్టి బిగబట్టి వీళ్ళకి జబ్బులొస్తున్నాయి. నీళ్ళు తాగరు. మా ఆవిడకి కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి, తుమ్మితే బట్టలు మార్చుకోవాలి." గొంతు పెరుగుతోంది, డిపో గేటు దగ్గర పెరిగినట్టే. "మంచం మీద చెయ్యేస్తే బిగుసుకుపోతుందండి. హాల్లోకి వెళ్ళి పడుకుంది. నామీద మనసు విరిగిందనుకున్నా. తను చెప్పేదాకా అదే అనుకుంటూ బస్సు నడిపా. నాకు పెళ్ళాం లేనట్టే అనుకున్నా."

ఆయన చొక్కా పట్టుకు లాగాను. టైపు చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. మేనేజరు ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. నా చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. నేను చెప్పమన్నది ఒక్క మాట. ఆయన మా గది తలుపు బార్లా తీసి ముగ్గురు మగవాళ్ళకి చూపించారు. నా జబ్బు నేను చెప్పుకుంటే ఒక తీరు, ఆయన చెబితే ఒక తీరు. సిగ్గు, కోపం. ఆ రెంటి మధ్యలో, అన్నాళ్ళూ ఈ మనిషి అలా అనుకున్నాడా అని ఒక పోటు. ఇవన్నీ ఒకేసారి ముంచుకొస్తే ఏది ముందు పడాలో తెలియలేదు.

లేచి నిలబడ్డాను. "బాబూ" అన్నాను టైపు చేసే కుర్రాడితో. "మంచం సంగతి కొట్టెయ్యి. ఒంటేలు సంగతి రాసుకో."

ఆ కుర్రాడు హెడ్డాఫీసాయన వైపు చూశాడు. పెద్దాయన తలూపాడు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. నన్ను సస్పెండ్ చెయ్యలేదు, హెచ్చరించి వదిలారు. వానలు పడేనాటికి మా చివరి స్టాపులో తలుపున్న ఒక రేకు గది లేచింది. నీళ్ళు ఒక రోజు ఉంటాయి, ఒక రోజు ఉండవు. ఆగుదల టైము అడిగినంత ఇవ్వలేదు, దానికోసం ఇంకా కొట్లాడుతున్నాం. ఈసారి చర్చలకి ఈలక్క వెళ్ళింది. నా నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్తూనే ఉన్నాను.

విచారణ అయిన ఆ రోజు ఇద్దరం ఆఫీసు మెట్లు దిగుతున్నాం. నేను ముందు, ఆయన వెనక. సగం మెట్లు దిగాక, "ఎక్కువ మాట్లాడానా?" అన్నారు.

"చాలా ఎక్కువ."

"ఒకసారి మొదలయ్యాక ఎక్కడ ఆపాలో తెలీలేదు."

"ఇన్నేళ్ళ నుంచి బస్సు నడుపుతున్నారు, ఆపడం తెలీదా?"

ఆయన నవ్వలేదు. రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు. డ్యూటీ మారే వేళ. సంచులు పట్టుకుని డ్రైవర్లూ కండక్టర్లూ మా పక్కనుంచే పైకీ కిందకీ వెళ్తున్నారు, అన్నా నమస్తే అంటున్నారు.

"ఆ నొప్పి" అన్నారు. "ఎక్కడ?"

చెప్పిన రోజున అడగలేదు. ఆ తర్వాత ఒకే ఇంట్లో ఇన్ని రోజులు తిరుగుతూ అడగలేదు. ఇప్పుడు ఇందరి మధ్య అడుగుతున్నారు. ఆ గొంతు కొంచెమైనా తగ్గించలేదు. ఇంటికెళ్ళాక చెప్తాననొచ్చు. ఇంటికెళ్తే ఆ చెప్పులు మళ్ళీ గుమ్మం దాటుతాయేమోనని భయమేసింది. మెట్టు మీద కూర్చున్నాను. ఆయన కూడా పక్కన కూర్చున్నారు.

ఎక్కడో చెప్పాను. ఎలా మొదలవుతుందో, ఎప్పుడు ఆగదో చెప్పాను. మధ్యలో ఎవరో దారివ్వమంటే ఇద్దరం గోడ వైపు కాస్త జరిగాం. నేను చెప్పడం ఆపలేదు.